అక్షరం రాని హైదర్ అలీ.. గుర్రాన్ని మాత్రం చదివేవారు

కంబదూరు నుంచి దక్షిణంగా బయలుదేరితే ఎంతోసేపు పట్టదు, కర్ణాటక వచ్చేస్తుంది. ముందు పావగడ, దాని అవతల శిరా. వాయవ్యానికి తిరిగితే రాయదుర్గం, ఉత్తరానికి పోతే గుత్తి. 18వ శతాబ్దపు యుద్ధాల చరిత్ర తెరిస్తే ఈ పేర్లే పదే పదే కనిపిస్తాయి. కొండ ఉన్నచోటల్లా ఒక కోట, కోటకో పాలెగాడు, ఆ కోట మీద కన్నేసిన నవాబులు, మరాఠా సర్దార్లు. వీళ్లందరి మధ్యలో ఉన్నది ఈ మెట్ట నేల. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన. అదీ పడితే పడినట్టు, లేకపోతే లేనట్టు.

ఇప్పుడు ఎటు చూసినా వేరుశనగే కానీ, వెనకటి రోజుల్లో ఇక్కడి రైతుకు తెలిసిన పంటలు జొన్న, కొర్ర, ఉలవ. జొన్న చొప్ప, ఉలవ గుగ్గిళ్లు. గుర్రం ఉన్న ఇంటికి ఈ రెండూ ఉంటే చాలు. నీళ్లు తక్కువైనా ఉలవ పండుతుంది, ఆ ఉలవ తిని గుర్రం పరుగెడుతుంది. దక్కను సైన్యాలు ఈ కరువు నేల మీద తిరగగలిగాయంటే దాని వెనక ఉన్న లెక్క ఇంతే. ఈ లెక్కను అందరికంటే బాగా అర్థం చేసుకున్న మనిషి నవాబ్ హైదర్ అలీ ఖాన్ బహదూర్.

టిపు సుల్తాన్ తండ్రిగా ఆయన పేరు అందరికీ తెలుసు. బ్రిటిష్ వాళ్లను మద్రాసు గుమ్మం దాకా తరిమిన వీరుడని స్కూలు పుస్తకంలో ఒక పేరా ఉంటుంది. కానీ హైదర్ బలం ఎక్కడుందో ఆ పేరాలో ఉండదు. సంతకం పెట్టడం కూడా సరిగా రాని ఈ మనిషి ఒక్కసారి చూసి మనిషినీ, గుర్రాన్నీ అంచనా కట్టేవారు. ఆయన జీవితమంతా ఆ అంచనాల మీదే నడిచింది. కొన్నిసార్లు ప్రాణం కూడా.

హైదర్ పుట్టింది 1720 ప్రాంతంలో, కోలారు దగ్గరి బూదికోటలో. ఇప్పటి ఆంధ్ర సరిహద్దుకు అది దగ్గరే. తండ్రి ఫతే ముహమ్మద్ శిరా సుబేదారు కొలువులో సైనికాధికారి. హైదర్ చిన్న పిల్లవాడిగా ఉన్నప్పుడే ఒక పోరులో తండ్రి చనిపోయారు. ఆ తర్వాత జరిగింది వింటే ఒళ్లు జలదరిస్తుంది. దొడ్డబళ్లాపురం జాగీర్దారు అబ్బాస్ కులీ ఖాన్, ఫతే ముహమ్మద్ బాకీ పడ్డాడంటూ ఆ ఇంటిని దోచుకున్నాడు. దాచిన డబ్బు చెప్పమని హైదర్‌నూ, అన్న షాబాజ్‌నూ ఒక నగారాలో కూర్చోబెట్టి, దాని తోలు బిగించి హింసించాడట. ఈ సంగతి రాసింది మైసూరు చరిత్ర రాసిన బ్రిటిష్ అధికారి మార్క్ విల్క్స్. హైదర్ అంటే ఆయనకు ప్రేమేమీ లేదు, కాబట్టి జాలి కోసం కల్పించి రాశాడనుకోలేం.

ముప్పై ఏళ్లకు పైగా గడిచాక, 1761లో హైదర్ దొడ్డబళ్లాపురాన్ని పట్టుకున్నారు. అబ్బాస్ కులీ ఖాన్ కుటుంబాన్ని వదిలేసి మద్రాసుకు పారిపోయాడు. హైదర్ ఆ కుటుంబం జోలికి వెళ్లలేదు, మర్యాదగానే చూశారు. అబ్బాస్ కులీకి మాత్రం భయం తీరలేదు. తర్వాత ఒకసారి హైదర్ మద్రాసు వైపు వస్తున్నారని విని, దొరికిన పాత పడవేదో ఎక్కి సముద్రంలోకి వెళ్లిపోయి, ఆయన వెనుదిరిగేదాకా ఒడ్డుకు రాలేదట.

తండ్రి పోయిన ఇంట్లో చదువు సాగలేదు. షాబాజ్ మైసూరు రాజు సైన్యంలో చేరి కొద్దిపాటి దళానికి అధికారి అయ్యారు. హైదర్ మాత్రం పాతికేళ్లు దాటేదాకా ఏ ఉద్యోగమూ లేకుండా అడవుల్లో వేటాడుతూ తిరిగారు. ఇంట్లో పెద్దలు ఈ కుర్రాడు పనికిరాడనుకునే ఉంటారు. వేటలో గుర్రం మీద గడిపిన ఆ ఏళ్లే ఆయన చదువు అని తర్వాత తేలింది. 1749లో దేవనహళ్లి ముట్టడిలో ఆయన ధైర్యం చూసి మైసూరు దళవాయి నంజరాజు 50 మంది సవార్లు, 200 మంది కాల్బలం ఇచ్చి చిన్న దళపతిని చేశారు. హైదర్ అలీ కథ మొదలైంది అక్కడే.

మరుసటి ఏడాది డిసెంబరులో సెంజి దగ్గర నిజాం నాసిర్ జంగ్‌ను సొంత పక్షంలోని పఠాన్ నవాబులే చంపేశారు. కడప, కర్నూలు నవాబుల కుట్ర అది. ఆ గందరగోళంలో ఖజానా చెల్లాచెదురైంది. హైదర్ దగ్గర బేడర్లు ఉండేవారు, మన అనంతపురం వైపు బోయలంటామే వాళ్లు. దొంగచాటుగా వెళ్లి తేవడంలో వాళ్లకు సాటి లేదు. ఖజానాలో కొంత, దాంతోపాటు గుర్రాలు హైదర్ చేతికి చిక్కాయి. తర్వాత తిరుచిరాపల్లి యుద్ధభూమిలోనూ ఇదే పని. యజమాని చనిపోయి తిరుగుతున్న గుర్రం, కాపలా సరిగా లేని గుర్రం, అన్నీ హైదర్ లాయంలోకే. బేడర్లకు సగం వాటా, హైదర్‌కు సగం. లెక్క రాయడానికి ఖండేరావు అనే బ్రాహ్మణ గుమాస్తా. అలా కొన్ని వందల గుర్రాలు పోగయ్యాయి.

దీన్ని దోపిడీ అనకుండా ఉండలేం. ఆ కాలంలో అందరూ చేసిందే అయినా దోపిడీ దోపిడీయే. అయితే ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. యుద్ధభూమిలో దొరికిన గుర్రానికి వంశావళి ఉండదు, అమ్మేవాడు చెప్పే గొప్పలు ఉండవు. గాయమైందా, కుంటుతోందా, గుండెలో దమ్ముందా, మనిషిని చూసి బెదురుతోందా అన్నది అక్కడికక్కడే తేల్చుకోవాలి. పనికిరాని గుర్రాన్ని తెచ్చుకుంటే అది తినే ఉలవలు దండగ. హైదర్ కన్ను పదునెక్కింది ఇలాంటి బేరం లేని సంతలోనే.

మోసం ఎలా చేస్తారో కూడా ఆయనకు లోపలి నుంచే తెలుసు. దిండిగల్ ఫౌజుదారుగా ఉన్నప్పుడు ఒక పోరాటంలో 67 మంది గాయపడ్డారు. గాయపడినవారికి మైసూరు నుంచి నెలనెలా భత్యం వస్తుంది. తనిఖీ అధికారి వచ్చేసరికి హైదర్ 700 మందికి పసుపు గుడ్డల కట్లు కట్టించి నిలబెట్టారట! సవార్లను గుండ్రంగా తిప్పి, లెక్కపెట్టిన వాళ్లనే మళ్లీ లెక్కలోకి తెచ్చే ఎత్తు కూడా ఆయనదే. పది వేల మంది అలా పద్దెనిమిది వేలయ్యేవారు. తర్వాత తానే పాలకుడయ్యాక ఆయన ముందు దొంగ లెక్క చెప్పి గట్టెక్కిన అధికారి లేడంటే ఆశ్చర్యమేముంది?

ఇక 1760 ఆగస్టు. హైదర్ అప్పటికే మైసూరులో తిరుగులేని మనిషి. సైన్యంలో ఎక్కువ భాగం ఇతర చోట్ల ఉంది. శ్రీరంగపట్నంలో ఆయన దగ్గర ఉన్నది కొద్దిమందే. నమ్మిన ఖండేరావే రాజమాతతో, మరాఠాలతో చేతులు కలిపి ఒక ఉదయం కోట ఫిరంగులను హైదర్ విడిది మీదికి తిప్పాడు. వానాకాలం, కావేరి నిండుగా ఉంది. కుటుంబం అక్కడే చిక్కుకుంది. చీకటి పడ్డాక హైదర్ నది దాటి గుర్రమెక్కారు.

ఆనేకల్‌లో బావమరిది ఇస్మాయిల్ అలీ ఉన్నారు. అక్కడికి చేరి, అక్కడి నుంచి బెంగళూరు. మొత్తం 98 మైళ్లు, అంటే సుమారు 158 కిలోమీటర్లు, 20 గంటల్లో. అందులో మొదటి 75 మైళ్లు ఒకే గుర్రం మీద.

ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. 75 మైళ్లంటే 120 కిలోమీటర్లు. ఆగస్టు వానల్లో, రోడ్డు అనేదే లేని దారుల్లో, వెనక తరుముకొచ్చే భయంతో. ఈరోజుల్లో ఒక్క రోజులో 160 కిలోమీటర్లు పరిగెత్తించే ఎండ్యూరెన్స్ పోటీలు జరుగుతున్నాయి. వాటిలో మధ్యమధ్య ఆపి, పశువైద్యులు గుండె వేగం చూసి, కుంటుతోందేమో నడిపించి చూసి, బాగుంటేనే ముందుకు పంపుతారు. ఆ పోటీల్లో ఇప్పటికీ అరబ్బీ జాతి గుర్రాలదే పైచేయి. హైదర్‌కు ఆ రాత్రి పశువైద్యుడు లేడు. గుర్రం ఎక్కడ పడిపోతే ఆయన కథ అక్కడే ముగిసేది, టిపు సుల్తాన్ అనే పేరు మనం విని ఉండేవాళ్లం కాదు. అప్పటికి టిపు తొమ్మిదేళ్ల పిల్లవాడు.

మరి అలాంటి గుర్రాన్ని ముందే ఎలా పోల్చుకుంటారు? కుర్ర గుర్రంగా ఉన్నప్పుడే ఎలా ఎంచుతారు?

మన దేశంలో ఈ విద్యకు రెండు పాయలున్నాయి. ఒకటి సంస్కృతంలోని శాలిహోత్రుడి పేరు మీద వచ్చిన అశ్వశాస్త్రం. విజయనగర కాలంలో తెలుగులోనూ మనుమంచి భట్టు దీన్ని పద్యాల్లో రాశాడు. రెండోది ఫారసీ, ఉర్దూ ఫరస్‌నామాలు. షాజహాన్ కాలంలో అబ్దుల్లా ఖాన్ ఫిరోజ్ జంగ్ శాలిహోత్రాన్నే ఫారసీలోకి తెచ్చాడు. 18వ శతాబ్దం చివర్లో ఉర్దూ కవి సాదత్ యార్ ఖాన్ రంగీన్ కూడా ఒక ఫరస్‌నామా రాశాడు. గజళ్లు, రేఖ్తీ రాసిన మనిషికి గుర్రాల గొడవెందుకు అనుకోకండి. ఆయన గుర్రాలు తెలిసిన సిపాయి కూడా. అంటే రెండు పాయలూ ఎప్పుడో కలిసిపోయాయి. పండితుడు, మౌల్వీ, సాయిసు, నాల్‌బందు అందరూ ఒకే గుర్రం చుట్టూ నిలబడి చూశారు.

ఈ పుస్తకాల్లో సగం సుడుల గురించే ఉంటుంది. నుదుట ఎన్ని సుడులు, ఎదమీద ఏవైపు, జీను కింద సుడి ఉంటే యజమానికి కీడు, ఇలాంటివి. మన పల్లెల్లో ఎద్దును కొనేటప్పుడు ఇప్పటికీ చూస్తారు కదా, అదే. నాలుగు కాళ్లూ, ముఖమూ తెల్లగా ఉన్న పంచకళ్యాణి శుభమని రెండు సంప్రదాయాలూ ఒప్పుకుంటాయి. నిజం చెప్పాలంటే సుడికీ పరుగుకూ సంబంధం లేదు. సుడి ధర తగ్గించుకోవడానికి పనికొస్తుంది, అంతే. అసలు విద్య మిగతా సగంలో ఉంది.

మొదట కట్టు. అనుభవం ఉన్నవాడు గుర్రాన్ని ముందు దూరం నుంచి చూస్తాడు. తల, మెడ, నడుము, పిరుదు ఒకదానికొకటి అమరినట్టున్నాయా? ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే ఆ భారం ఎక్కడో ఒకచోట కాలి మీద పడుతుంది. తర్వాత దగ్గరికి వస్తాడు. భుజం నిటారుగా ఉంటే అంగ పొట్టిదవుతుంది, రౌతుకు కుదుపు ఎక్కువ. వెనక్కి వాలిన భుజం ఉంటే అంగ సాగుతుంది. ఎద లోతుగా ఉండాలి, ఊపిరితిత్తులకు చోటు అక్కడే. ముక్కుపుటాలు పెద్దవి కావాలి. దవడల మధ్య పిడికిలి పట్టేంత సందు ఉండాలి, గాలి పోయే దారి అది. మోకాలి కింది ఎముక పొట్టిగా, గట్టిగా ఉండాలి. గిట్టకు పైనున్న సందు మరీ నిటారుగా ఉంటే అదురు ఎముకకు తగులుతుంది, మరీ వాలితే నరం తెగుతుంది. చివరికి గిట్ట. నాలుగూ ఒకే కొలతలో లేకపోతే ఏదో కాలు పని తప్పించుకుంటోందని అర్థం. గిట్ట లేనిది గుర్రం లేదని నాల్‌బందులు ఊరికే అనరు.

కుర్ర గుర్రం దగ్గర చిక్కేమిటంటే, అది ఇంకా పూర్తి కాలేదు. వెనక భాగం ముందు పెరుగుతుంది, ముందు భాగం తర్వాత అందుకుంటుంది. ఇవాళ ఒకలా, ఆరు నెలలకు ఇంకోలా ఉంటుంది. పాలపళ్లు రెండున్నర ఏళ్లకు రాలడం మొదలై, ఐదేళ్లకు నోరు నిండుతుంది. వయసు విషయంలో అమ్మేవాడి నోటికంటే గుర్రం నోటిని నమ్మాలి. ఈనాటి పందేలలో రెండేళ్ల గుర్రాన్నే పరిగెత్తిస్తున్నారు. ఆనాటి సైన్యంలో నాలుగేళ్లన్నా నిండకుండా యుద్ధానికి తీసుకెళ్లడం దండగ ఖర్చు. ఎముక ముదరని కాలి మీద సిపాయి, కత్తి, జీను, వారం రోజుల దాణా, ఇంత బరువు వేస్తే అది ఎన్నాళ్లు మోస్తుంది?

రెండోది నడక. పరుగు చూసి మోసపోవచ్చు, నడక చూసి మోసపోవడం కష్టం. వదులు కళ్లెంతో సాయిసు చేత నడిపించి ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి చూస్తారు. కాలు తిన్నగా ముందుకు పడుతోందా, బయటికి విసురుతోందా, ఒకదానికొకటి రాసుకుంటోందా. మట్టిలో ముందు గిట్ట వేసిన ముద్రను వెనక గిట్ట దాటి పడితే అంగ మంచిదన్నమాట. తల ఒక అడుగుకు ఎత్తి ఒక అడుగుకు దించుతుంటే ఎక్కడో నొప్పి ఉంది. సంతలో గుర్రాన్ని అస్తమానం దుముకుడు మీదే చూపించేవాడు ఐబు దాస్తున్నాడని పాతకాలం వాళ్ల అనుమానం. నెమ్మదిగా నడిపించమంటే ముఖం మారుతుంది వాడికి!

మూడోది వాలకం. దీనికి కొలత లేదు. చెవులు ఎటు తిరుగుతున్నాయి, కన్ను నిలకడగా ఉందా, కొత్త మనిషి చెయ్యి వేస్తే ఏం చేస్తుంది. చురుకుదనం వేరు, పిచ్చి వేరు. భయపడి ఎగిరే గుర్రాన్ని మంచి చాబుక్‌సవారు దారిలో పెట్టగలడు. కసితో కరిచేదాన్ని పెట్టలేడు. మందలో మిగతావాటికంటే ముందు నడవాలనుకునే కుర్ర గుర్రం మీద పందెం గుర్రాలవాళ్లకు ఈరోజుకీ ఆశ ఎక్కువ. సైన్యానికి ఇంకో పరీక్ష ఉంది. ఫిరంగి మోతకు నిలబడాలి, ఒంటెను చూసి చెదరకూడదు, ఏనుగు పక్కన నడవాలి.

ఈ చివరి పరీక్ష ఎంత ముఖ్యమో హైదర్‌కు 1768 ఆగస్టులో, బెంగళూరు దగ్గరి హోస్కోటలో తెలిసొచ్చింది. గుత్తి పాలకుడు మురారి రావు అప్పుడు ఇంగ్లీషు వాళ్ల పక్షాన విడిది చేసి ఉన్నారు. దక్కనులో గుర్రపు దళం నడపడంలో హైదర్‌కు సమానుడంటూ ఉంటే ఆయనే. హైదర్ సవార్లు రాత్రిపూట ఆ విడిది మీద పడ్డారు. మురారి రావు తన వాళ్లెవరినీ గుర్రం ఎక్కవద్దని, ఎవరి గుర్రం తల దగ్గర వాళ్లు నిలబడమని చెప్పారు. చీకట్లో గుర్రం మీద కనిపించినవాడు ఎవడైనా శత్రువే, పోల్చుకోవడం తేలిక. ఇంతలో గాయపడిన ఏనుగొకటి కట్టు తెంచుకుంది. గొలుసును తొండంతో పట్టి ఆడిస్తూ హైదర్ సవార్ల మధ్యకే దూసుకొచ్చింది. గుర్రాలు బెదిరి వెనక్కి తిరిగాయి, వెనక వచ్చే తమ కాల్బలం మీదే పడ్డాయి. దాడి అక్కడితో సరి.

హైదర్ దినచర్య గురించి ఆయన కొలువులో పనిచేసిన ఒక ఫ్రెంచ్ అధికారి వివరంగా రాశాడు. పొద్దున్నే లేచేవారు. గడ్డం, మీసం, కనుబొమలు కూడా తీయించుకునే అలవాటు. ఎనిమిది తొమ్మిది గంటలకు బయటి వసారాలోకి వచ్చి కూర్చుంటే ముందు నుంచి ఏనుగులు, గుర్రాలు నడిచివెళ్లేవి. వేట పులులను బంగారు జరీ ఉన్న ఆకుపచ్చ గుడ్డలు కప్పి తెచ్చేవారు, వాటికి తన చేత్తోనే మిఠాయి ఉండలు తినిపించేవారు. చూసేవాళ్లకు అది దర్జా. ఆయనకు మాత్రం రోజువారీ తనిఖీ. నిన్నటి గుర్రం ఇవాళ కాలు ఎలా వేస్తోందో రోజూ చూసేవాడికి కొత్తగా చెప్పాల్సింది ఏముంటుంది?

చదువు రాదు, సంతకం బదులు పేరులోని మొదటి అక్షరం గీసేవారు, అదీ తలకిందులుగా. కానీ హిందుస్తానీ, కన్నడం, తెలుగు, మరాఠీ, తమిళం మాట్లాడేవారు. ఒకరి అర్జీ వింటూ, ఇంకొకరికి జాబు చెబుతూ, ఎదురుగా జరిగే తమాషా చూస్తూ, దేన్నీ మరిచిపోయేవారు కాదట. ఫరస్‌నామా ఆయనకు ఎవరైనా చదివి వినిపించాల్సిందే. గుర్రాన్ని మాత్రం వినిపించనక్కర్లేదు.

గుర్రాల వ్యాపారులను ఆయన చూసుకున్న తీరు కూడా ముందుచూపుతోనే. అరబ్బీ గుర్రాలు సముద్రం మీద పడమటి తీరానికి వచ్చేవి. భీమా నది లోయలో పెరిగిన దక్కనీ గుర్రాలు భూమార్గాన వచ్చేవి. చిన్న ఒళ్లు, గట్టి గిట్ట, తక్కువ తిండి. మన మెట్టలకు అవే నప్పేవి. తన రాజ్యంలోకి వచ్చాక దారిలో గుర్రం చచ్చిపోతే, రుజువు చూపించిన వ్యాపారికి సగం ధర ఇచ్చేవారు. దాంతో మంచి సరుకు ముందు మైసూరుకే వచ్చేది.

ఇంకో చిక్కు ముడి ఉండేది. సిలాహ్‌దారు అనేవాడు సొంత గుర్రంతో కొలువులో చేరతాడు. గుర్రమే వాడి ఆస్తి, వాడి పిల్లల అన్నం. అది చస్తే వాడి బతుకు రోడ్డున పడుతుంది. కాబట్టి దోపిడీకి ముందుంటాడు, ఫిరంగికి ఎదురు పొమ్మంటే వెనకాడతాడు. వాడిని తప్పుపట్టడానికీ లేదు. అందుకే హైదర్ సిలాహ్‌దార్లతోపాటు సర్కారు గుర్రాల మీద జీతం సవార్లనూ పెట్టుకున్నారు. సర్కారు గుర్రం పోతే సర్కారుకే నష్టం, సవారుకు కాదు. అప్పుడే గుర్రం ఎంపిక పాలకుడి సొంత తలనొప్పి అవుతుంది.

ఈ తలనొప్పికి ఫలితం 1769 మార్చిలో కనిపించింది. ఇంగ్లీషు సేనలను దక్షిణాన దూరంగా లాగి, హైదర్ ఆరు వేల మంది ఏరిన సవార్లు, 200 మంది ఏరిన కాల్బలంతో మద్రాసు వైపు తిరిగారు. సామాన్లన్నీ, మిగతా సైన్యమంతా వెనక్కి పంపేశారు. మూడున్నర రోజుల్లో 130 మైళ్లు. కంపెనీ పెద్దలు తేరుకునేలోపు ఆయన మద్రాసుకు ఐదు మైళ్లలో ఉన్నారు. ఏప్రిల్ మొదట్లో వాళ్లు సంధి మీద సంతకం చేశారు. ఆరు వేల గుర్రాల్లో ఎన్ని కుంటినా ఆ దౌడు చెడిపోయేది. అందుకే దీన్ని ధైర్యం కథగా మాత్రమే చెప్పడం సరిపోదు. బయలుదేరకముందు లాయంలో జరిగిన ఏరివేతే సగం గెలుపు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లకు, 1777లో, అదే మద్రాసు శివారు గిండీలో గుర్రపు పందేల కోసం సర్కారు భూమి కేటాయించింది. మూడేళ్లు తిరగకుండా హైదర్ సవార్లు మళ్లీ ఆ పరిసరాలకు వచ్చారు. పందేల మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. గుర్రాల పరుగు పోటీ ఇస్లాంలో తప్పు కాదు, డబ్బు కాయడం తప్పు. మదీనాలో ప్రవక్త ముహమ్మద్ (స) కాలంలోనే పోటీలు జరిగాయి. తర్ఫీదు ఇచ్చి ఒళ్లు తీయించిన గుర్రాలకు ఎక్కువ దూరం, ఇవ్వనివాటికి తక్కువ దూరం పెట్టారని హదీసుల్లో ఉంది. గుర్రం స్థితి చూసి దూరం నిర్ణయించడం అప్పటికే ఉందన్నమాట.

హైదర్ కథలో అనంతపురం వాళ్లకు మరిచిపోలేని ఘట్టం గుత్తి. 1775 చివర్లో ఆయన మురారి రావును చుట్టుముట్టారు. కింది పట్నం పడిపోయాక జనం, పశువులు అంతా పైకోటకు ఎక్కారు. గుత్తి కొండను ఎక్కి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. కానీ కొండ మీద నీళ్లెన్ని ఉంటాయి? తొట్లు, కోనేర్లు అడుగంటాయి. మురారి రావు లక్షల వరహాలు ఇస్తానని సంధికి దిగారు, కొంత చెల్లించి మిగతాదానికి ఒక యువకుడిని హామీగా పంపారు. ఆ కుర్రవాడు హైదర్ మనుషుల మర్యాదకు పొంగిపోయి, మాటల మధ్యలో అసలు సంగతి బయటపెట్టాడు. పైన మూడు రోజులకు సరిపడా నీళ్లే మిగిలాయని, లేకపోతే తమ దొర లొంగేవాడు కాడని. హైదర్ వెంటనే ఏదో మిష వెతికి సంధిని పక్కన పెట్టి, కొండ చుట్టూ కాపలా బిగించి ఎదురుచూశారు. 1776లో మురారి రావు లొంగిపోయారు. ఆయన్ను కబ్బాళదుర్గం కొండ మీద ఖైదు చేశారు, అక్కడే చనిపోయారు.

ఇది హైదర్ గొప్పతనం కింద రాసుకోదగ్గ సంగతి కాదు. దాహాన్ని ఆయుధం చేసుకోవడం ఈ నేల మీద పుట్టినవాళ్లకు మరీ చేదుగా అనిపిస్తుంది. 1780లో కర్ణాటిక్ మీద పడినప్పుడు ఆయన సవార్లు పల్లెలకు నిప్పు పెట్టారు, పంటలు తగలబెట్టారు. అదీ ఆయన ఖాతాలోనే. అలాగని మతం రంగు పులమడానికీ కుదరదు. 1779లో ఆయన దెబ్బకు పోయింది కడప పఠాన్ల నవాబరికం. అబ్దుల్ హలీమ్ ఖాన్ సిద్ధవటంలో లొంగిపోయారు. ఆ పోరులో పట్టుబడిన పఠాన్ సవార్లు ఆయుధాలు ఇవ్వనని మొండికేసి, రాత్రి కాపలావాళ్లను చంపి హైదర్ గుడారంలోకే చొరబడ్డారు. మంచం మీద తాను పడుకున్నట్టు దిండు అమర్చి, గుడారం గుడ్డ కోసి ఆయన బయటపడ్డారు.

1780 సెప్టెంబరు 10న పొల్లిలూరులో బెయిలీ దళాన్ని తుడిచిపెట్టిన తర్వాత మరుసటి ఏడాది జులై 1న పోర్టోనోవోలో ఐర్ కూట్ చేతిలో ఓటమి. అప్పటికి హైదర్‌కు అరవై ఏళ్లు. ఒక దిబ్బ మీద పీట వేసుకుని యుద్ధం చూస్తున్నారు. వరుసలు చెదిరాయి, శత్రువు దగ్గరికి వచ్చేస్తున్నాడు, ఆయన లేవరు. సర్దార్లు చెబితే తిట్లు. చివరికి ఏళ్ల తరబడి సేవ చేసి చనువు సంపాదించిన ఒక సాయిసు గుర్రాన్ని తెచ్చి, దొరగారి కాళ్లు లాగి చెప్పులు తొడిగాడు. రేపు వాళ్ల సంగతి చూద్దాం, ముందు గుర్రం ఎక్కండన్నట్టు సముదాయించాడు. హైదర్ ఎక్కారు, బయటపడ్డారు. సర్దార్ల పేర్లు చరిత్రలో ఉన్నాయి, సాయిసు పేరు లేదు.

మరుసటి ఏడాది వీపు మీద రాచపుండు లేచింది. 1782 డిసెంబరు 7న, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో హైదర్ అలీ కన్నుమూశారు. మన ఆంధ్ర నేల మీదే. టిపు అప్పుడు మలబారులో ఉన్నారు. సైన్యం చెదరకుండా చావును దాచిపెట్టి, శవాన్ని ఖజానా పెట్టె అన్నట్టుగా కోలారుకు, తండ్రి సమాధి ఉన్న చోటికి పంపారు. కబురు అందుకున్న టిపు హుటాహుటిన వచ్చి పగ్గాలు పట్టారు. తర్వాత శవాన్ని శ్రీరంగపట్నానికి మార్చారు. గుంబజ్‌లో ఇప్పుడు ఆయన పక్కనే బేగం ఫక్రున్నీసా, కొడుకు టిపు సమాధులున్నాయి.

1799లో టిపు అమరుడయ్యాక ఈ మెట్ట సీమ నిజాం వాటాకు వెళ్లింది. మరుసటి ఏడాదే కంపెనీ చేతికి దత్తమండలంగా వచ్చింది. సైన్యం గుర్రాల కోసం టిపు కాలంలో తుముకూరు దగ్గర కుణిగల్‌లో ఏర్పడిన అశ్వశాల మాత్రం నిలిచింది. కంపెనీ వాడుకుంది, మైసూరు సంస్థానం వాడుకుంది. తర్వాత అక్కడ పందెం గుర్రాలను పెంచారు. పిల్ల గుర్రాన్ని వదులు కళ్లెంతో నడిపించి, ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూడటం అక్కడా ఉన్నదే.